చల్లారిన కప్పుల పిన్ని

మిల్లులో ఆమెను అందరూ పిన్ని అనే పిలిచేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ పిన్నీ అనేవాడు, లారీ డ్రైవర్లు పిన్నీ అనేవారు, ఆమె కన్నా వయసులో పెద్దదైన ఊడ్చే ఆవిడ కూడా పిన్నీ అనేది. కాఫీ గింజల మిల్లు అది. కొండల మీది తోటల్లో ఎండబెట్టిన గింజలు లారీల్లో దిగుతాయి. ఇక్కడ పొట్టు తీసి, జల్లించి, ఏరి, బస్తాలకెత్తి ఓడలకు పంపిస్తారు. పిన్ని పని ఏరుడు. ఇరవై నాలుగేళ్ళు అదే పని చేసింది. ఆ ఇరవై నాలుగేళ్ళలో కాఫీ మాత్రం ఒక్క గుక్క తాగలేదు.

కారణాలు రెండు. మొదటిది ఆమె మొగుడు. ఆయనకు సరిగ్గా మిల్లు గేటు ఎదురుగా టీ కొట్టుంది. "కాఫీ మిల్లు ముందు టీ అమ్మేవాణ్ణి, నాకున్నంత ధైర్యం సైన్యంలో ఉండదు" అని ఆయన రోజుకొకసారైనా అంటాడు. ఇక రెండో కారణం ఆమె వేళ్ళకే తెలుసు. ఏరుడు బల్ల మీద మంచి గింజలు ఒక పక్కకీ, చెడ్డవి ఇంకో పక్కకీ వెళతాయి. నల్లబడ్డవి, పురుగు తొలిచినవి, విరిగినవి, పులిసి గోధుమరంగుకు తిరిగినవి, ఇవన్నీ చెడ్డవి. మంచివి ఓడెక్కుతాయి. చెడ్డవి పొడిగొట్టి ఊళ్ళో దుకాణాలకు ఇస్తారు. "నేను ఏరి పారేసినవే కదా మీరంతా చక్కెర పోసుకుని తాగేది" అని పిన్ని నవ్వేది. "తెలిసి తెలిసి నేనెలా తాగుతాను?"

కొండలన్నిటిలోకీ ఎత్తయినదాన్ని అందరూ పైకొండ అంటారు. ఆ గింజ చిన్నది, గట్టిది, కొంచెం నీలం కలిసిన ఆకుపచ్చ. ఎక్కడెక్కడి వాళ్ళో పైకొండ కాఫీ కోసం ఏడాది ముందే ఉత్తరాలు రాస్తారు. పైకొండ బస్తా విప్పితే ఏరుడు పని పిన్నికే ఇచ్చేవారు. ఆమె చూపు అలాంటిది. మాట్లాడుతూనే, పక్కావిడ కూతురి పెళ్ళి సంగతులు వింటూనే, చేటలో దొర్లే గింజల్లోంచి సూదిమొనంత కన్నమున్న గింజను చిటికెలో బయటికి లాగేసేది.

యాభై ఒకటో ఏట ఆ చూపు మందగించింది. మొదట ఆమె ఎవరికీ చెప్పలేదు. కిటికీ పక్క బల్ల అడిగి తీసుకుంది. తరవాత చేటను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. ఒకరోజు సూపర్‌వైజరు వచ్చి, ఆమె ఏరిన గింజల్లోంచి మూడు నల్లవి తీసి, ఏమీ అనకుండా ఆమె అరచేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. పిన్నికి తల కొట్టేసినట్టయింది.

వారం తిరక్కుండా మేనేజరమ్మ పిలిచింది. "పిన్నీ, నిన్ను రుచిగదికి మారుస్తున్నాను. అక్కడ కప్పులు కడిగే మనిషి మానేసింది."

"కప్పులు కడగడానికా అమ్మా?"

"కళ్ళకు శ్రమ ఉండదు. కూర్చోవచ్చు కూడా."

పిన్ని తలూపి వచ్చేసింది. ఇంటికొచ్చి వంటింటి గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడి ఏడ్చింది. మొగుడు కాసేపు తలుపు దగ్గరే తచ్చాడాడు. ఓదార్చడం ఆయనకు చేతకాదు.

"నేను ముప్పై ఏళ్ళుగా గ్లాసులు కడుగుతున్నాను. ఎప్పుడైనా ఏడ్చానా?" అన్నాడు చివరికి.

"మీరు కడిగేది మీ కొట్లో."

"అయితే మన కొట్టుకి వచ్చెయ్. ఇద్దరం కడుగుదాం."

ఏడుస్తున్నది కాస్తా ఫక్కున నవ్వింది. మర్నాడు రుచిగదికి వెళ్ళింది.

రుచిగది మిల్లు పై అంతస్తులో ఉంది. తెల్లటి గోడలు, వెడల్పాటి కిటికీలు, మధ్యలో గుండ్రటి బల్ల. బల్ల తిరుగుతుంది. దాని చుట్టూ తెల్ల కప్పులు, ఒక్కో రకానికి ఐదేసి. ఒక మూల చిన్న వేపుడు యంత్రం, దాని పక్కన నీళ్ళ కెటిల్, ఇంకో మూల పిన్ని కప్పులు కడిగే తొట్టి. ఆ గదికి అధికారి ఒకాయన. అరవై దాటాయి. చొక్కా జేబులో అందరూ పెన్ను పెట్టుకుంటే ఆయన స్పూను పెట్టుకుంటాడు. అందుకని మిల్లంతా ఆయన్ని స్పూను మాస్టారు అంటారు.

మొదటిరోజే ఆయన నియమాలు చెప్పాడు. "అమ్మా, ఈ గదిలోకి వాసన నూనె రాసుకుని రాకూడదు. పౌడరు వద్దు. మధ్యాహ్నం ఉల్లిపాయ తినొద్దు. కప్పులు వేడినీళ్ళతోనే కడగాలి, సబ్బు వద్దు."

"మాట్లాడొచ్చాండీ?" అని అడిగింది పిన్ని.

"నేను నోట్లో కాఫీ పెట్టుకున్నప్పుడు వద్దు."

తరవాత ఆయన పని మొదలుపెట్టాడు. కప్పుల్లో పొడి వేసి, మరిగి దిగిన నీళ్ళు పోసి, గడియారం చూస్తూ నాలుగు నిమిషాలు ఆగాడు. పైన తేలిన పొడి తెట్టును స్పూనుతో పక్కకు తోసి, ముక్కు కప్పులో మునిగిపోతుందేమో అన్నంత దగ్గరగా వంగి వాసన చూశాడు. ఆ పైన స్పూనుతో కొంచెం తీసుకుని జుర్రుమన్నాడు. అలాంటిలాంటి జుర్రు కాదు, దుప్పటి చించినట్టు! పిన్ని ఉలిక్కిపడి కప్పు జారవిడవబోయింది. ఆయన నోట్లోది పుక్కిలించి డబ్బాలో ఉమ్మి, కాగితం మీద ఏదో రాసుకుని, ఇంకో కప్పు దగ్గరికి జరిగి మళ్ళీ జుర్రుమన్నాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని తొట్టి వైపు తిరిగి కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

"నవ్వొచ్చిందా?" అన్నాడు మాస్టారు వెనక్కి తిరక్కుండానే. "గాలి కలిస్తేనే రుచి నోరంతా పాకుతుందమ్మా. చప్పుడు చెయ్యకుండా తాగేవాడికి సగమే దక్కుతుంది."

మొదటి నెల ఆమె కప్పులు కడగడమే చేసింది. కానీ ఇరవై నాలుగేళ్ళు మంచీ చెడ్డా వేరుచేసిన మనిషి, ఊరికే కడిగి బోర్లించడం ఎలా? కడిగేముందు ప్రతి కప్పునూ ముక్కు దగ్గర పెట్టుకునేది. ఒక దాంట్లో తడిసిన గోనెసంచి వాసన. ఒకదాంట్లో కొత్త నోటుపుస్తకం. ఒకటి ఇస్త్రీపెట్టె కింద మాడిన బట్ట. ఐదు కప్పుల్లో నాలుగు ఒకలా ఉండి ఐదోది తేడాగా ఉంటే ఆమె చెయ్యి దానంతటదే ఆ కప్పును పక్కకు జరిపేది, చేటలో నల్లగింజను జరిపినట్టే.

ఒకరోజు మాస్టారు అది చూశాడు. తన కాగితం తీసి చూసుకున్నాడు. ఆమె పక్కకు పెట్టిన కప్పునే ఆయనా చెడ్డదని రాసుకున్నాడు.

"ఇది ఎందుకు పక్కన పెట్టావమ్మా?"

పిన్ని కంగారుపడింది. "ఏం లేదండీ. ఉడికీ ఉడకని బంగాళాదుంప వాసనేస్తుంటేనూ..."

మాస్టారు కాగితం మడిచి పక్కన పెట్టాడు. జేబులోంచి స్పూను తీసి, తుడిచి, ఆమెకిచ్చాడు. "ఇవాళ పైకొండ గింజ వేపాను. రా."

"నేను కాఫీ తాగనండీ."

"తాగమనట్లేదు. రుచి చూడమంటున్నాను."

చక్కెర లేదు, పాలు లేవు. చేదు మందు మింగేదానిలా పిన్ని కళ్ళు మూసుకుని, ధైర్యం చేసి జుర్రింది. మొదట వేడి తప్ప ఏమీ తెలియలేదు. తరవాత నాలుక అంచున చిన్న పులుపు తగిలింది, నారింజ తొక్కను గోటితో గిల్లినప్పుడు చటుక్కున ఎగిరే తుంపర లాంటిది. దాని వెనకే ఒక తీపి వచ్చింది. చక్కెర తీపి కాదు. చెరకు నమిలేశాక నోట్లో మిగిలే తీపి. మింగాక కూడా అది పోలేదు. పిన్ని కళ్ళు తెరిచింది.

"ఇందులో ఏం కలిపారండీ?"

"నీళ్ళు."

"నిజంగా?"

"నీళ్ళు, నువ్వేరిన గింజలు. అంతే."

ఆమె తొట్టి దగ్గరున్న ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. ఇరవై నాలుగేళ్ళు ఆ చేటలో అటూ ఇటూ దొర్లింది ఇదా! పక్కావిడకు కానీ, సూపర్‌వైజరుకు కానీ, ఆ హాల్లో నడుం వంచి కూర్చున్న అరవై మందిలో ఒక్కరికైనా ఇది తెలుసా! ఆమెకు దుఃఖం రావాలి నిజానికి. వచ్చింది మాత్రం సంతోషం. మెట్లన్నీ దిగి, ఏరుడు హాలుకెళ్ళి, ఒక్కొక్కరి నోట్లో ఒక్కో స్పూను పోసి రావాలనిపించింది.

అప్పటినుంచి మాస్టారు రోజూ ఆమెకో స్పూను ఇచ్చేవాడు. ఆయన దగ్గర ఒక రంగుల పటం ఉండేది. కాఫీలో దొరికే రుచులన్నీ అందులో ఉంటాయి. సగం పళ్ళ పేర్లు ఆయన కూడా జన్మలో చూడనివి. "ఈ పండేమిటో నాకూ తెలీదమ్మా. పుస్తకంలో ఉందని రాస్తున్నాను" అని ఒప్పేసుకునేవాడు. పిన్ని మాటలు వింటూ వింటూ ఆయన తన కాగితాల అంచున అవే రాసుకోవడం మొదలుపెట్టాడు: వాన వెలిశాక తలుపు తీసినట్టుంది. పాత ట్రంకు పెట్టె. ఆరేసిన బట్టల మీది ఎండ.

ఒక సాయంత్రం మిగిలిన పైకొండ పొడి పొట్లం కట్టి ఆమెకిచ్చాడు. పిన్ని ఇంటికొచ్చి, మాస్టారు చేసినట్టే చేసి, మొగుడి ముందు పెట్టింది. ఆయన చక్కెర డబ్బా అందుకున్నాడు.

"ముట్టుకున్నారంటే ఊరుకోను" అంది పిన్ని.

"పాలైనా పొయ్యనీ."

"వద్దు. అలాగే తాగండి. చప్పుడు చేస్తూ తాగండి."

ఆయన తాగి, మొహం వికారంగా పెట్టి, "వేపాకు కషాయం" అన్నాడు. రెండోరోజు, "నిన్నటికన్నా నయం" అన్నాడు. మూడోరోజు కప్పు ఖాళీ చేసేశాడు. మీసం తుడుచుకుంటూ, "ఏమోయ్, ఇది అచ్చం మంచి టీలాగే ఉంది" అన్నాడు.

పిన్ని మాస్టారుకు ఆ మాట చెబితే ఆయన పగలబడి నవ్వాడు. "అంతకన్నా పెద్ద మెప్పు ఆయన నోటి నుంచి రాదమ్మా. పైగా నిజం కూడా. పైకొండ కాఫీ అంత తేలిగ్గానే ఉంటుంది."

ఇలా రెండేళ్ళు గడిచాయి. మూడో ఏడు, పంట చేతికొచ్చాక, మిల్లులో పోటీ పెట్టారు. పైకొండ తోటలన్నీ తలో నమూనా పంపించాలి, దూరం నుంచి వచ్చే ముగ్గురు కొనుగోలుదారులు మాస్టారుతో కలిసి రుచి చూడాలి, ఆ ఏటి మేలైన కాఫీ ఏదో తేల్చాలి. పద్దెనిమిది నమూనాలొచ్చాయి. పంతొమ్మిదోది ఆఖరి నిమిషంలో వచ్చింది. కొండదారిలో మట్టిపెళ్ళలు విరిగిపడి బస్సు ఆగిపోతే, ఆ తోట రైతు గింజల సంచి భుజానేసుకుని సగం దారి నడిచి, తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. పిన్ని మొగుడే ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి వేడి టీ ఇచ్చాడు. మాస్టారు ఆ గింజల్ని అప్పటికప్పుడు వేపాడు.

పొద్దున్న పదింటికి జుర్రుడు మొదలైంది. నలుగురు పెద్దమనుషులు తిరిగే బల్ల చుట్టూ స్పూన్లు పట్టుకుని జుర్రుతుంటే గదంతా హోరు. పంతొమ్మిదో నమూనా దగ్గరికొచ్చేసరికి ఒకాయన భుజాలు ఎగరేశాడు. ఇంకొకాయన "శుభ్రంగా ఉంది కానీ, చెప్పుకోవడానికేం లేదు" అన్నాడు. మాస్టారు కూడా తక్కువే వేశాడు. తరవాత అందరూ చేతులు కడుక్కుని భోజనానికి కింద గదిలోకి దిగారు.

పిన్ని కప్పులు తొట్టి దగ్గరికి చేర్చింది. అలవాటుగా ఒక్కోటీ ముక్కు దగ్గరికి తీసుకుంటూ, కొంచెం నాలుక మీద వేసుకుంటూ, కడుగుతూ పోతోంది. అప్పటికి అవి పూర్తిగా చల్లారాయి. ఆమెకు దొరికేవి ఎప్పుడూ చల్లారిన కప్పులే మరి! వేడి మీద గొప్పగా ఉన్న కాఫీలు చల్లారాక పులిసిపోవడం, మామూలుగా ఉన్నవి మెల్లగా నోరు విప్పడం ఆమె రోజూ చూస్తున్నదే. వేడి చాలా తప్పుల్ని దాచిపెడుతుంది, చాలా మంచినీ దాచిపెడుతుంది.

పంతొమ్మిదోది నోట్లో వేసుకుంది. ఆగిపోయింది. ఇంకో కప్పులోంచి తీసుకుంది. ఐదూ చూసింది. ఐదూ ఒక్కటే మాట చెబుతున్నాయి. ఆ నారింజ తొక్క ఉంది, ఆ చెరకు తీపి ఉంది, వాటి వెనకాల ఇంతవరకూ ఏ కప్పులోనూ తగలనిదేదో పువ్వు వాసన, తోట ఇంకా కనపడకముందే గాలిలో తెలిసిపోయే రకం.

కడిగేస్తే ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే గొడవే లేదు. కప్పులు కడిగే మనిషి పెద్దమనుషుల తీర్పు మీద నోరెత్తడమేమిటి? కానీ బురద కాళ్ళతో బెంచీ మీద కూర్చున్న ఆ రైతు మొహం కళ్ళ ముందు మెదిలింది. ఐదు కప్పులూ ట్రేలో పెట్టుకుని మెట్లు దిగింది.

భోజనాల గదిలో అందరూ తలలెత్తి చూశారు. మేనేజరమ్మ లేచి నిలబడింది. "ఏంటి పిన్నీ?"

"ఈ ఐదూ నేను కడగలేనమ్మా" అంది పిన్ని. ట్రే బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, ఒక్కసారి చూడండి. నాది తప్పయితే ఇక్కడే కడిగేస్తాను."

మాస్టారు ఆమెను చూశాడు, కప్పుల్ని చూశాడు. నోట్లో ముద్ద మింగి, నీళ్ళతో నోరు పుక్కిలించి, జేబులోంచి స్పూను తీశాడు. జుర్రాడు. ఇంకోసారి జుర్రాడు. తరవాత కుర్చీ వెనక్కి నెట్టేసి లేచి, "భోజనం ఆపండి" అన్నాడు అతిథులతో.

ఆ ముగ్గురూ రుచి చూశారు. భుజాలెగరేసినాయన ఐదు కప్పులూ వరసగా చూసి, మళ్ళీ మొదటి కప్పుకొచ్చాడు. "ఇదెక్కడిది?" అన్నాడు.

"పొద్దున మీరు భుజాలెగరేసిందే" అన్నాడు మాస్టారు. "తప్పు నాదే. వేపిన గింజకు ఒక రోజైనా విశ్రాంతి ఇవ్వాలి. ఇది పొద్దున్నే వేపింది, వేడి మీద మూతి ముడుచుకుంది. నాకు తెలిసి కూడా గమనించలేదు. ఈవిడ గమనించింది."

మర్నాడు పంతొమ్మిదీ మళ్ళీ పెట్టారు, పేర్లు దాచి. నలుగురూ విడివిడిగా రాసిన కాగితాలు మేనేజరమ్మ విప్పింది. నాలుగింటిలోనూ పైన ఉన్నది ఆ బురదకాళ్ళ రైతు కాఫీయే. ఆయన నమ్మలేక, "ఇంకోసారి చదవండమ్మా" అని మూడుసార్లు చదివించుకున్నాడు. తరవాత పిన్ని దగ్గరికొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

ఆ వర్షాకాలంలోనే మాస్టారు పిన్నికి పరీక్ష పెట్టాడు. ముందు మూడు కప్పులుంటాయి. రెండింటిలో ఒకే కాఫీ, ఒక దాంట్లో వేరేది. ఆ వేరేది ఏదో చెప్పాలి. ఎనిమిదిసార్లు పెడితే ఎనిమిదిసార్లూ చెప్పింది. మేనేజరమ్మ ఆమెకు కొత్త స్పూను ఇచ్చింది. తొట్టి దగ్గరికి వేరే మనిషిని తీసుకున్నారు. యాభై నాలుగో ఏట పిన్ని రుచిగదిలో మాస్టారు పక్కన నిలబడి జుర్రుమంది. ఏరుడు హాలు వాళ్ళు విరామంలో మెట్లెక్కి వచ్చి, తలుపు సందులోంచి చూసి, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. పిన్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి రుచి చూపించింది. మాస్టారు కిటికీ వైపు తిరిగి ఏమీ చూడనట్టు నిలబడ్డాడు.

రైతు రమ్మని ఎన్నిసార్లు కబురు పెట్టాడో! పూత సమయంలో ఒక ఆదివారం పిన్ని మొగుణ్ణి వెంటబెట్టుకుని పైకొండ బస్సెక్కింది. పెళ్ళయ్యాక ఆయన ఒక రోజంతా కొట్టు మూసింది అదే మొదటిసారి. "టీ వాణ్ణి కాఫీ తోటకి తీసుకెళుతున్నావు, అక్కడ నన్ను కట్టేస్తారేమో" అని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

తోట అంచుకు చేరేసరికి ఇద్దరూ నడక ఆపేశారు. పదిరోజుల కింద వాన పడిందట. కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు గుత్తులుగుత్తులుగా విరగబూశాయి. తేనెటీగల రొద. పిన్ని ఇన్నేళ్ళూ గింజను చూసింది కానీ చెట్టును చూడలేదు. ఒక కొమ్మ వంచి మొహం అందులో పెట్టి అలాగే ఉండిపోయింది. మొగుడు "రావోయ్" అని రెండుసార్లు పిలిచి, ఆమె కదలకపోతే, తనూ ఇంకో కొమ్మ వంచుకున్నాడు.

ఇంటి వసారాలో రైతు పెళ్ళాం గ్లాసులతో కాఫీ తెచ్చింది. పిన్ని ఒక గుక్క తాగి ఆగిపోయింది. నల్లగా మరిగించి, గ్లాసుకు నాలుగు చెంచాల చక్కెర వేసిన కాఫీ అది.

"ఇది మీ తోటదేనా వదినా?"

"అయ్యో, మాదెక్కడిది? మంచిదంతా మిల్లుకు పోతుంది కదా. ఇది సంతలో కొన్న పొడి" అంది ఆవిడ మామూలుగా.

"మీ కాఫీ మీరెప్పుడూ తాగలేదా?"

రైతు తల గోక్కున్నాడు. మూల నులకమంచం మీద కూర్చున్న ఆయన తల్లి, ఈ మొక్కలన్నీ తన చేత్తో నాటిన ముసలావిడ, "తాగి చెడగొట్టుకోవడమెందుకమ్మా, అమ్ముకునేది" అంది.

పిన్ని చెంగు దోపుకుంది. రైతుకిమ్మని మాస్టారు ముందురోజే వేపి ఇచ్చిన ఈ తోట గింజలు సంచీలోంచి తీసింది. వాటిని రోట్లో బరకగా దంచింది. నీళ్ళు మరగనిచ్చి, దించి, ఇంట్లో ఉన్న గిన్నెలూ గ్లాసులూ వసారా గట్టు మీద వరసగా పెట్టి పోసింది. మొగుడు గడియారం పట్టుకుని నాలుగు నిమిషాలు గట్టిగా లెక్కపెట్టాడు. ఆ తరవాత అందరికీ తలో చెంచా ఇచ్చింది.

"ఇప్పుడే తాగకండి. కొంచెం చల్లారనివ్వండి. తరవాత చప్పుడు చేస్తూ లాగండి, సిగ్గుపడకండి" అంది.

రైతు పీల్చి గుడ్లు తేలేశాడు. ఆయన పెళ్ళాం చెంచా నోట్లోనే ఉంచుకుని అత్తగారి వైపు చూసింది. ముసలావిడ పళ్ళు లేని నోటితో మెల్లగా, ఇంతింతగా పీల్చుకుంది. మింగింది. కొండవాలు పొడుగునా పరుచుకున్న తెల్లపూతను ఒకసారి చూసింది.

"ఒరేయ్, నలభై ఏళ్ళూ ఇదా మనం మూటలు కట్టి పంపించేసింది?" అంది కొడుకుతో. తరవాత చెంచా పక్కన పెట్టేసి, రెండు చేతులా గిన్నె ఎత్తుకుంది. "జరగండర్రా అందరూ. ఈ గిన్నె నాది."